కంప్యూటరు తేదీ ఎందుకు మరిచిపోయింది?

అమలాపురంలో ఎవరికైనా దారి చెప్పాలంటే ముందు గడియార స్తంభం సెంటరు పేరు చెబుతాం. అక్కడి నుంచి కుడికి, అక్కడి నుంచి ఎడమకి అంటాం. ఊరికి గడియార స్తంభం ఎలాంటిదో కంప్యూటరుకు దాని లోపలి గడియారం అలాంటిది. కంప్యూటరు చేసే పనుల్లో చాలావాటికి ఆ గడియారమే ఆనవాలు. అది తప్పితే కంప్యూటరు దారి తప్పుతుంది. ఒక్కోసారి దాన్ని వాడే మనుషులు కూడా దారి తప్పుతారు. అలా దారి తప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కథ చెబుతూ, దాని వెనకనున్న విజ్ఞానం వివరిస్తాను.

నాలుగో నంబరు కంప్యూటరు

మా బడిలో కంప్యూటర్ల గది ఉంది. అందులో పది కంప్యూటర్లున్నాయి. అవి మా బడికి వచ్చి అప్పటికి ఏడో ఏడు. వేసవి సెలవుల తరవాత జూన్‌లో గది తలుపులు తీశాం. తొమ్మిది కంప్యూటర్లు బాగానే పనిచేశాయి. నాలుగో నంబరు మాత్రం మొరాయించింది. స్విచ్ వెయ్యగానే నల్లటి తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఒక మీట నొక్కితే ముందుకు సాగింది గాని, సగం దూరం వెళ్లి తనంతట తానే ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అలా ఎన్నిసార్లయినా అదే తంతు.

కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కితే దాని లోపలి అమరికలు కనబడే తెర వస్తుంది. అందులో చూస్తే, డిస్కును ఏ పద్ధతిలో చదవాలో చెప్పే అమరిక మారిపోయి ఉంది. దాన్ని యథాస్థితికి తెచ్చాను. కంప్యూటరు చక్కగా మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను. ఇరవై నిమిషాలకల్లా టక్కున ఆరిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే అమరిక మళ్లీ మారిపోయి ఉంది!

ఎవరో కావాలని మారుస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడున్నాడు. దేన్నయినా విప్పి చూడాలనే రకం. సెలవులకు ముందు ఒకసారి ఆ అమరికల తెర తెరిచి చూస్తూ నాకు దొరికాడు. ఇంకేం, “ఇది నీ పనే” అన్నాను. “నేను ముట్టుకోలేదండి” అన్నాడు. నేను వినలేదు. కంప్యూటర్ల గదికి రావద్దన్నాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ అబ్బాయి గదిలోకి రావడం మానేశాడు. అయినా ప్రతి ఉదయం అమరిక మారుతూనే ఉంది. దోషి అతనే అయితే అతన్ని ఆపగానే తప్పు కూడా ఆగాలి కదా! ఆగలేదంటే నా ఊహ తప్పన్నమాట. తరగతిలో మీకు ప్రయోగ పద్ధతి పాఠం చెప్పే నేను, కళ్లెదుట ఉన్న ఆ సాక్ష్యాన్ని మూడు వారాలపాటు చూడలేదు.

పోయిన పదకొండు రోజుల వాన

జూలైలో మరో దెబ్బ తగిలింది. మా పిల్లలు వర్షమాపకంతో రోజూ వాన కొలిచి, ఆ అంకెలను నాలుగో నంబరు కంప్యూటరులో దాస్తున్నారు. ఒకరోజు నా దగ్గరున్న జూన్ నెల ప్రతినీ, కంప్యూటరులో ఉన్న ప్రతినీ పక్కపక్కన పెట్టి చూశాను. కంప్యూటరులోని దాని మీద 2015 జనవరి 1 అని తేదీ ఉంది. ఇదేదో పనికిరాని పాతదనుకుని తుడిచేశాను. తరవాత తెలిసింది, జూలై కొలతలన్నీ అందులోనే ఉన్నాయని! పదకొండు రోజుల వాన గాలికి పోయింది.

ఆ సాయంత్రం ఆ కుర్రవాడు ఒక నోటు పుస్తకం తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. “రోజూ కొలిచి ఇందులో కూడా రాస్తున్నానండి, ఆయ్” అన్నాడు. పదకొండు రోజుల అంకెలూ మిల్లీమీటర్లతో సహా ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. వాడే మళ్లీ నెమ్మదిగా అడిగాడు. “మాస్టారూ! ఈ కంప్యూటరు ప్రతి పొద్దునా తేదీ కూడా మరిచిపోతోంది కదండీ. అమరికా, తేదీ రెండూ ఒక్కసారే ఎందుకు పోతున్నాయండి?”

అసలు అడగవలసిన ప్రశ్న అదే. రెండు విషయాలు ఎప్పుడూ కలిసే పోతున్నాయంటే, ఆ రెండింటినీ కాపాడేది ఒకటే అయివుండాలి.

కరెంటు లేనప్పుడు కాపలా ఎవరిది?

మీ ఇంట్లో కరెంటు పోతే బల్బు ఆరిపోతుంది, ఫ్యాను ఆగిపోతుంది. గోడ గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాని వెనక సెల్లు ఉంది కాబట్టి. 1996 నవంబరు 6న మన కోనసీమను ముంచెత్తిన తుపాను తరవాత చాలా ఊళ్లకు ఎన్నో రోజులు కరెంటు లేదు. అప్పుడు కూడా చేతి గడియారాలు నడుస్తూనే ఉన్నాయి. లోపల చిన్న బిళ్ల సెల్లు ఉండడం వల్లే.

కంప్యూటరులోనూ సరిగ్గా ఇలాంటి బిళ్లే ఉంటుంది. పెట్టె లోపల భాగాలన్నిటినీ మోసే పెద్ద ఆకుపచ్చ పలకను మదర్‌బోర్డు అంటారు. దాని మీద రూపాయి బిళ్లంత వెండి రంగు సెల్లు మెరుస్తూ కనిపిస్తుంది. దాని మీద సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది. ఈ పేరులో గుట్టు ఉంది. మొదటి అక్షరం లోపలి రసాయనాన్ని తెలుపుతుంది. రెండో అక్షరానికి గుండ్రనిది అని అర్థం. 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు.

మొదటి నుంచీ కంప్యూటర్లలో ఈ ఏర్పాటు లేదు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును తెచ్చింది. దాని మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ, సమయం మనమే కొట్టవలసి వచ్చేది. 1984లో అదే సంస్థ తెచ్చిన ఏ.టి. అనే కంప్యూటరులో మోటరోలా గడియారపు చిప్పు, దానికి తోడు ఒక బ్యాటరీ పెట్టారు. ఆ చిప్పులో ఉన్న జ్ఞాపక స్థలం 64 బైట్లు మాత్రమే! అందులో 14 బైట్లు గడియారానికీ, దాని నియంత్రణకూ పోగా, మిగిలిన 50 బైట్లలో కంప్యూటరు అమరికలను దాచుకునేవారు. మన తెలుగు వాక్యం ఒక్కటి కూడా సరిగా పట్టని చోటు అది. తేదీ, అమరికలు ఒకే గూటిలో ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందిగా! గూటికి కాపలా పోతే రెండూ కలిసే పోతాయి.

ఇంత తక్కువ కరెంటుతో జ్ఞాపకం నిలవడం ఎలా సాధ్యం? దానికి కారణం సీమాస్ అనే నిర్మాణ పద్ధతి. 1963లో ఫ్రాంక్ వాన్లాస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని రూపొందించాడు. ఇందులో రెండు రకాల ట్రాన్సిస్టర్లు జంటగా ఉంటాయి. ఒకటి తెరుచుకున్నప్పుడు రెండోది మూసుకుంటుంది. అందువల్ల స్థితి మారే క్షణంలో తప్ప మామూలుగా కరెంటు దాదాపు ప్రవహించదు. అందుకే ఈ బ్యాటరీని నేటికీ చాలామంది సీమాస్ బ్యాటరీ అనే పిలుస్తారు.

ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి అమరికలను ఫ్లాష్ అనే చిప్పులో రాస్తారు. దానికి బ్యాటరీ అక్కర్లేదు. అయితే కొన్ని కంప్యూటర్లు బ్యాటరీ చచ్చిపోయిందని గుర్తించగానే, దాచిన అమరికలను నమ్మకుండా తయారైననాటి అమరికలకే వెళ్లిపోతాయి. గడియారానికి మాత్రం ఈనాటికీ బ్యాటరీ కావలసిందే. కాలం ఎవరికోసం ఆగదు కదా!

క్షణానికి 32,768 కంపనాలు

ఆ గడియారం ఎలా నడుస్తుందో చూద్దాం. దాని గుండె ఒక చిన్న క్వార్ట్‌జ్ స్ఫటికం. క్వార్ట్‌జ్‌ను నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. విద్యుత్తు ఇస్తే అది కొద్దిగా వంగుతుంది. పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ 1880లో నొక్కితే విద్యుత్తు పుట్టే ఈ ధర్మాన్ని కనుగొన్నారు. ఈ పియరీ, మీరు పాఠాల్లో చదివే మేడమ్ క్యూరీ భర్తే. ఈ ధర్మాన్ని ఉపయోగించి 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్ క్వార్ట్‌జ్ గడియారం తయారుచేశాడు.

మన కంప్యూటరులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్యే ఎందుకు? కాగితం తీసుకుని 32,768ని రెండుతో భాగించండి. 16,384 వస్తుంది. మళ్లీ భాగించండి. 8,192. ఇలా సరిగ్గా పదిహేనుసార్లు భాగిస్తే చివరకు 1 మిగులుతుంది. అంటే 32,768 అనేది 2కు 15వ ఘాతం. రెండుతో భాగించడం ఎలక్ట్రానిక్ వలయాలకు చాలా సులువైన పని. అలాంటి వలయాలు పదిహేను వరసగా పెడితే చివరిదాని నుంచి సెకనుకు ఒక్క టిక్కు వస్తుంది. ఆ టిక్కులను లెక్కపెట్టి నిమిషాలు, గంటలు, రోజులు, సంవత్సరాలు కూర్చుకుంటారు.

ఈ స్ఫటికం పూర్తిగా ఖచ్చితమైనదేమీ కాదు. పది లక్షలలో 20 వంతుల తేడా దానికి మామూలు. రోజుకు 86,400 సెకన్లు కదా, లెక్క వేస్తే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు దాదాపు ఒక నిమిషం తేడా వస్తుంది. కాబట్టి మీ కంప్యూటరు గడియారం నెలకో నిమిషం అటూ ఇటూ అయితే బ్యాటరీని తిట్టకండి. అది స్ఫటికం గుణం. గంటలు, రోజులు, ఏళ్లు వెనక్కి పోతేనే బ్యాటరీ మీద అనుమానం రావాలి.

బిళ్ల సెల్లు ఎన్నాళ్లు బతుకుతుంది?

ఈ సెల్లులో ఋణ ధ్రువం లిథియం లోహం. ధన ధ్రువం మాంగనీస్ డై ఆక్సైడ్. లిథియం పరమాణువులు ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను వదిలి అయాన్లవుతాయి. ఎలక్ట్రాన్లు బయటి వలయం గుండా వెళ్లి పనిచేస్తాయి. అయాన్లు లోపలి ద్రవం గుండా ఈది మాంగనీస్ డై ఆక్సైడ్‌లో చేరతాయి. లిథియం నీటితో చర్య జరుపుతుంది కాబట్టి ఆ ద్రవంలో నీరు ఉండదు. ఈ సెల్లు వోల్టేజి 3 వోల్టులు. దీన్ని తిరిగి చార్జి చేయకూడదు.

దీని సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. గడియారం తీసుకునే కరెంటు 5 మైక్రో ఆంపియర్లు అనుకుందాం. 220 మిల్లీ అంటే 2,20,000 మైక్రో. దాన్ని 5తో భాగిస్తే 44,000 గంటలు. అంటే సుమారు అయిదేళ్లు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపివున్నా సరే, గడియారానికి కరెంటు గోడ నుంచే అందుతుంది. బ్యాటరీకి అప్పుడు విశ్రాంతి. గోడ స్విచ్ కట్టేసినప్పుడే బ్యాటరీ పనిలోకి దిగుతుంది. మన బళ్లలో ఏం చేస్తాం? సాయంత్రం వెళ్లేటప్పుడు గదిలో మెయిన్ కట్టేస్తాం. ఆదివారం కట్టేసే ఉంటుంది. సంక్రాంతికి ప్రభల తీర్థం చూసి వచ్చేదాకా కట్టేసే ఉంటుంది. వేసవిలో నెలన్నర పైగా కట్టేసే ఉంటుంది.

లెక్క చూడండి. బడి ఏడాదికి 220 రోజులు, గదిలో కరెంటు రోజుకు 6 గంటలు అనుకుంటే 1,320 గంటలు. ఏడాదికి మొత్తం గంటలు 8,760. మిగిలిన 7,440 గంటలూ బ్యాటరీయే కాపలా కాయాలి. అంటే నూటికి 85 వంతుల కాలం! ఏడాదికి 37 మిల్లీ ఆంపియర్ గంటలు ఖర్చవుతాయి. 220ని 37తో భాగిస్తే ఆరేళ్లు దాటదు. మా కంప్యూటర్లకు ఏడో ఏడని మొదట్లో చెప్పాను గుర్తుందా? ఆ అబ్బాయి చెయ్యి కాదు, ఆ బ్యాటరీ ఆయువే కారణమని ఈ చిన్న గుణకారం నాకు ముందే చెప్పి ఉండేది. నేను వేసి చూడలేదు.

మరి ఏప్రిల్‌లో బాగున్నది జూన్‌కల్లా ఎలా పోయింది? లిథియం సెల్లు లక్షణమే అది. బతికినంతకాలం 3 వోల్టుల దగ్గరే నిలకడగా ఉండి, చివరి దశలో ఒక్కసారి కిందికి జారిపోతుంది. టార్చిలైటులా మెల్లమెల్లగా మసకబారి మనకు ముందుగా కబురు చెప్పదు.

అనుమానాన్ని పరీక్షించాం

ఇక ప్రయోగం. దీనికి ఉపాయం చెప్పింది ఆ కుర్రవాడే. “ఒక రాత్రి స్విచ్ కట్టేసి, ఇంకో రాత్రి కట్టకుండా ఉంచి చూద్దామండీ” అన్నాడు.

మొదటి రోజు సాయంత్రం గడియారాన్ని ఫోనులోని సమయంతో సరిచేసి, కంప్యూటరు ఆపి, గోడ స్విచ్ కట్టేశాం. మర్నాడు పొద్దున తేదీ 2015 జనవరి 1. అమరిక మారిపోయింది.

రెండో రోజు సాయంత్రం అంతా అలాగే చేశాం. కంప్యూటరు ఆపాం గాని, గోడ స్విచ్ మాత్రం వేసే ఉంచాం. రాత్రి కరెంటు పోలేదని బడి పక్కింటివాళ్లను అడిగి తెలుసుకున్నాం. పొద్దున తేదీ, సమయం, అమరిక అన్నీ సరిగ్గా ఉన్నాయి!

రెండు రాత్రులకూ ఉన్న తేడా ఒక్కటే. ఒకసారి గూటికి బ్యాటరీ కాపలా, ఒకసారి గోడ కరెంటు కాపలా. కాబట్టి తప్పు బ్యాటరీదే. ఒకసారికి ఒక్క విషయాన్నే మార్చి చూడడం అంటే ఇదే. మీరు ఇంట్లో ఇలా పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు మొదలవ్వగానే బయటి నుంచి సమయం తెచ్చుకుని తన తప్పును కప్పిపుచ్చుకుంటుంది. అందుచేత అమరికల తెరలోనే సమయం చూడండి. ఇంటర్నెట్ అందకపోతే మాత్రం ఇంకో గుర్తు కనిపిస్తుంది. తేదీ మరీ తప్పితే, రక్షణ కలిగిన వెబ్‌సైట్లు తెరుచుకోవు. వాటి గుర్తింపు పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. తన లెక్కలో ఇంకా 2015 అనుకునే కంప్యూటరు, ఆ పత్రానికి ఇంకా గడువే మొదలవలేదంటుంది.

సెల్లును తీసి మల్టీమీటరుతో కొలిస్తే 2.3 వోల్టులు చూపించింది. కొత్తది 3 వోల్టులకు కాస్త పైనే చూపుతుంది. 2.7 కంటే తగ్గితే మార్చడం మంచిది. కొత్త సెల్లు ఖరీదు ఒకటి రెండు కొబ్బరి బొండాలంత. దానికోసం నేను ఒక పిల్లవాణ్ణి నెల రోజులు గది బయట నిలబెట్టాను.

ఒక తప్పు వెనక ఇంకో తప్పు

కొత్త సెల్లు వేశాం. తేదీ నిలిచింది, అమరిక నిలిచింది. మధ్యలో ఆగి మళ్లీ మొదలవడం పోయింది. కాని ఇరవై నిమిషాలకు టక్కున ఆరిపోవడం మాత్రం పోలేదు!

ఇక్కడే చాలామంది పొరబడతారు. కంప్యూటరు నడుస్తూ నడుస్తూ ఆరిపోతే బ్యాటరీ నీరసించిందంటారు. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ దానికి కావలసిన శక్తి అంతా గోడ నుంచే వస్తుంది. బిళ్ల సెల్లు దానికి శక్తినివ్వదు, ఇవ్వలేదు కూడా. కాబట్టి బ్యాటరీ నీరసం వల్ల మొదలయ్యేటప్పుడు చిక్కులు వస్తాయి. అమరికలు పోయి మధ్యలో ఆగి మళ్లీ మళ్లీ మొదలవడం అలాంటి చిక్కే. బాగా నడుస్తున్నది ఆరిపోయిందంటే మాత్రం సాధారణంగా కారణం వేరే ఉంటుంది.

అది తెలుసుకోవడానికి సమయం రాసుకున్నాం. మొదటిసారి 20 నిమిషాలకు ఆరింది. వెంటనే వేస్తే 5 నిమిషాలకే ఆరింది. గంటసేపు ఊరుకుని వేస్తే మళ్లీ 20 నిమిషాలు నడిచింది. ఏమర్థమైంది? ఆగివున్నప్పుడు ఏదో తగ్గుతోంది, నడుస్తున్నప్పుడు ఏదో పెరుగుతోంది. అది వేడి! ప్రాసెసర్ వేడి 100 సెల్సియస్ డిగ్రీల చేరువకు వస్తే, తాను మాడిపోకుండా కంప్యూటరును తానే ఆపేస్తుంది. అది జబ్బు కాదు, ఆత్మరక్షణ.

పెట్టె తెరిచి చూస్తే ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల కింద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. తేమకు దుమ్ము అంటుకుని పీచులా గట్టిపడుతుంది. ఒక మూల బల్లి గుడ్ల పెంకులు కూడా ఉన్నాయి. మెత్తని కుంచెతో అంతా దులిపాం. ఆ రోజు నాలుగో నంబరు సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది.

ఆరిపోవడానికి ఇంకా కారణాలుండవచ్చు. కరెంటును మార్చి ఇచ్చే పవర్ సప్లయి పెట్టె పాడవడం, మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బడం, ప్లగ్గు వదులవడం, వోల్టేజి పడిపోవడం. ఏది ఎప్పుడు జరుగుతోందో రాసుకుంటే సగం జవాబు దొరికినట్లే.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

ఈ పని పెద్దల ఎదుటే చెయ్యండి. గోడ స్విచ్ కట్టేయడం చాలదు, తీగను కూడా పీకేయాలి. తరవాత కంప్యూటరు మీట ఒకసారి నొక్కితే లోపల మిగిలిన ఆవేశం పోతుంది. మీ ఒంటి మీది స్థిర విద్యుత్తు పోయేలా పెట్టె లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. పవర్ సప్లయి పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. తీగ పీకిన తరవాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి ఉండవచ్చు. అమరికల తెరను ఫోటో తీసుకోండి. సెల్లు మీద కూడిక గుర్తున్న వైపు పైకి కనబడేలా పెట్టండి. తరవాత తేదీ, అమరికలు సరిచేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. తీసేసిన పాత సెల్లును బల్ల మీద వదలకండి. మీ ఇంట్లో పాకే తమ్ముడో చెల్లాయో ఉంటే మరీను. చిన్నపిల్లలు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడి వలయాన్ని పూర్తిచేసి కరెంటు ప్రవహిస్తుంది. ఋణ ధ్రువం దగ్గర గాఢమైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండరాన్ని కాల్చేయగలదు. ప్రాణానికే ముప్పు. కంప్యూటరుకు పనికిరాని 2.3 వోల్టుల సెల్లు కూడా ఇంత పని చెయ్యగలదు! “అయిపోయిన సెల్లే కదా” అనుకోవద్దు. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా, వాంతి చేయించకుండా, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాత సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, సీసాలో వేసి, పాత ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకునే చోట ఇవ్వండి. మన దేశంలో 2022 నుంచి వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయాలన్న నియమాలున్నాయి. పంట కాలవలో పారేయకండి, మంటలో వేయకండి.

మీరు చేసి చూడండి

మీ ఇంట్లో సమయం చూపే వస్తువులన్నిటి జాబితా రాయండి. కరెంటు పోయి వచ్చాక వాటిలో ఏవి సమయం మరిచిపోయాయో, ఏవి గుర్తుంచుకున్నాయో గమనించండి. గుర్తుంచుకున్నవాటిలో కాపలా ఎవరిదో కనుక్కోండి.

మా కథ ముగింపు కూడా చెప్పాలి. మర్నాడు తొమ్మిదో తరగతికి వెళ్లి, అందరి ముందూ ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాను. వాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు. గది తాళం చెవి వాడి చేతికిచ్చాను. ఇప్పుడు పది కంప్యూటర్ల మీదా ఒక్కొక్క చీటీ అంటించి ఉంటుంది. సెల్లు మార్చిన తేదీ, దాని వోల్టేజి ఆ చీటీ మీద వాడి దస్తూరీలో ఉంటాయి. వాన కొలతలు కంప్యూటరులో ఒకచోట, నోటు పుస్తకంలో ఒకచోట రాస్తున్నాం.